పొద్దున ఒక రోగం, మధ్యాహ్నం ఒక రోగం

అది 2022 ఎండాకాలం. మైదుకూరులో మాది చిన్న మెకానిక్ షాపు. మోటార్ సైకిళ్ళు, మందు కొట్టే మిషన్లు, ఎప్పుడో మూలపడ్డ ఆయిల్ ఇంజన్లు, మాకు వచ్చే పని ఇదే. బోరు ఎంత లోతుకు వేసినా దుమ్మే లేచే చోట పడవ మోటరు రిపేరుకు వస్తుందని ఎవడనుకుంటాడు? ఆటోలోంచి దాన్ని దించుతుంటే పక్కన టీ అంగడిలో కూర్చున్నవాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని లేచొచ్చారు. నాకైతే పండగే.

తెచ్చింది ఓబులేసు, అతని భార్య లక్ష్మీదేవి. ఊరికి దూరంగా ఉన్న రిజర్వాయరు గట్టున ఉండి చేపలు పట్టుకునేవాళ్ళు. దీన్ని అవుట్‌బోర్డ్ మోటరంటారు. పడవ వెనక చెక్కకు బయటివైపు బిగిస్తారు, తాడు లాగితే స్టార్టవుతుంది, కింద నీళ్ళలో ఫ్యాను తిరిగి పడవను తోస్తుంది. వీళ్ళు కొన్నది ఎన్ని చేతులు మారిందో తెలియనంత పాతది.

“తాడు లాగి లాగి భుజం పడిపోయిందన్నా,” అన్నాడు ఓబులేసు. “ఇది బాగయితే ఉంటాం. లేదంటే సోమారం బెంగుళూరు పోతాండాం. మేస్త్రీకి మాటిచ్చినా.”

“నువ్విచ్చినావు, నేనియ్యలేదు,” అంది లక్ష్మీదేవి. “ఇటికెలు మోసే పని నాకొద్దన్నా. నీళ్ళ మీద పెరిగినదాన్ని. నువ్వు దీన్ని పలికించు, సాలు.”

ప్లగ్ విప్పి చూశాను, నిప్పురవ్వ బాగానే వస్తోంది. కార్బొరేటర్, అంటే పెట్రోలు, గాలి కలిసే చోటు, విప్పి కడిగాను. నీళ్ళ డ్రమ్ములో మోటరు కాలు దించి, మా షాపు పెట్రోలు సీసా పైన వేలాడదీసి, తాడు లాగాను. రెండో లాగుకే అందుకుంది. డ్రమ్ములో నీళ్ళు ఎగిరి అందరి మీదా పడ్డాయి, వీధంతా పొగ. నేను మీసం మెలేసినంత పని చేశాను.

మర్నాడు ఓబులేసు ఫోను. “అన్నా, పలకల్యా.”

మళ్ళీ తెచ్చారు. మళ్ళీ డ్రమ్ములో పెట్టాను. మళ్ళీ రెండో లాగుకే లేచింది! ఓబులేసు దాని వంక కొరకొరా చూశాడు. “నీ దగ్గర బుద్ధిగా ఉంటాది. మా దగ్గరకొస్తే మొండికేస్తాది. పాత ఇనుము కింద గుజిరీకి ఏసేస్తా.”

నాకు ఒళ్ళు మండింది. ఆదివారం షాపు మూసి, బండి మీద నేనే రిజర్వాయరుకు పోయాను. తెల్లారితే సోమవారం, వాళ్ళకు ఇక ఆ ఒక్కరోజే మిగిలింది.

పొద్దున చల్లగా ఉండగా తాడు లాగితే స్టార్టయింది. గట్టు విడిచి కాస్త దూరం పోయిందో లేదో ఆగిపోయింది. ప్లగ్ విప్పితే ఎండుటాకులా పొడిగా ఉంది. పెట్రోలు అందడం లేదన్నమాట. తెడ్లేసుకుని ఒడ్డుకొచ్చి పైపులన్నీ ఊది చూశాను, ఎక్కడా అడ్డం లేదు. మధ్యాహ్నం అయింది, రాళ్ళు కాలుతున్నాయి. మళ్ళీ లాగితే ఈసారి అసలు పలకలేదు. ప్లగ్ విప్పాను. పెట్రోల్లో తడిసి కారుతోంది!

చదివేవాళ్ళకు ఇది చిన్న విషయంగా కనపడొచ్చు. మెకానిక్‌కు కాదు. పొడి ప్లగ్ అంటే ఆకలి, తడి ప్లగ్ అంటే అజీర్ణం. ఒకే ఇంజన్‌కు ఒకే రోజు రెండూనా? విసుగు పోయి నాకు హుషారు పుట్టుకొచ్చింది.

“పొద్దుటికీ ఇప్పటికీ ఏం మారింది?” అని గట్టిగానే అడిగాను, నన్ను నేను అడుగుతున్నట్టు.

“ఎండ,” అంది లక్ష్మీదేవి. “ఎండకు ఇంజనుకేమైతాదో నాకు తెలీదు గానీ, ట్యాంకుకు మాత్రం పొట్ట ఉబ్బుతాదన్నా. తెల్లారి చూస్తే డొక్క లోపలికి పీక్కపోయింటాది.”

నేను ఎగిరి పడవలోకి దూకాను. ట్యాంకు! ఈ మోటరుకు ట్యాంకు విడిగా పడవలో ఉంటుంది, పైపుతో కలుపుతారు. రెండుసార్లూ షాపుకు వచ్చింది మోటరు ఒక్కటే, ట్యాంకు పడవలోనే ఉండిపోయింది. షాపులో మోటరుకు పెట్రోలు పోసింది నా సీసా. ట్యాంకు మూతకు గాలి పోవడానికి సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. పైపులు కారితే పూసే సీల్ ముద్ద దాని మీద రాయిలా గట్టిపడి ఉంది.

“ఎవురప్పా ఇది మూసింది?”

“నేనే. పెట్రోలు ఆవిరైపోతాంటే చూస్తా ఊరకుండాల్నా? మన ఎండలు నీకు తెలీవా?” అన్నాడు ఓబులేసు, ఎంతో ముందుచూపుతో చేసినట్టు.

నవ్వాగలేదు నాకు. గాలి లోపలికి రాకపోతే పెట్రోలు బయటికెట్లా వస్తుంది? పొద్దున అందుకే ఇంజను ఎండిపోయి ఆగేది. మధ్యాహ్నం ట్యాంకులో ఆవిరి ఉబ్బి, పెట్రోలును తోసి ఇంజన్‌ను ముంచేసేది. దబ్బనంతో ముద్ద పొడిచాను. బుస్సుమని గాలి వదిలింది. పెట్రోలు ఆవిరి కాకుండా ట్యాంకును పడవ బల్ల కింద నీడకు జరిపి, తడి గోనెపట్టా కప్పాను. ప్లగ్ తుడిచి, ఆరబెట్టి బిగించాను.

ఓబులేసు తాడు మీద చెయ్యేశాడు. “జరుగు,” అంది లక్ష్మీదేవి. మొదటి లాగుకు దగ్గింది. రెండో లాగుకు రిజర్వాయరంతా మోగింది. పడవ ముక్కు నడినీళ్ళకు తిప్పి ఆమె ఒక్కతే పోయింది. మేమిద్దరం గట్టునే ఉండిపోయాం. “సాలు, రామ్మీ!” అని మొగుడు అరుస్తున్నాడు. వినపడిందో లేదో, ఆమె వెనక్కి తిరగలేదు. ఏ క్షణం ఆగుతుందోనని నేను మోటరు మోత మీదే చెవి పెట్టాను. అవతలి గట్టు దాకా పోయి, మోటరు మోత తగ్గకుండానే తిరిగొచ్చింది.

ఒడ్డుకు దిగుతూనే మొగుడి జేబులోంచి ఫోను లాక్కుని తనే మేస్త్రీకి చేసింది. “మా ఇద్దరి పేర్లూ కొట్టెయ్యప్పా. మేం రాం. మాకీడ పని ఉండాది.” ఓబులేసు వల తెచ్చి పడవలో వేశాడు.

అప్పట్నుంచీ ఏ ఇంజను వచ్చినా స్పానరు పట్టే ముందు నేనడిగే మాట ఒకటే: దీంతోపాటు తేకుండా ఏం వదిలేసి వచ్చినారు? బాగున్న మోటరును నేను రెండుసార్లు విప్పి బిగించాను. అందులో చెడిందంటూ ఏమీ లేదు. సూది మొనంత రంధ్రం మూసుకుపోయినందుకు ఒక సంసారం ఊరు విడిచిపోయేది.