వానల కుండ

మొన్న మా మనవరాలు మొదటి జీతం అందుకుని, ఆ ధైర్యంతో కంతుల మీద ఏదో ఖరీదైన ఫోను కొన్నానని సంబరంగా చెప్పింది. శుభమా అని సంతోషపడాల్సిన నా నోటికి ఆశీర్వాదం కన్నా ముందు మా అత్త మాటలు వచ్చాయి. ఏం చేసేది, ఆమె చేతికింద కాపురం నేర్చుకున్నదాన్ని మరి!

కర్నూలు జిల్లా పడమటి దిక్కున, నేతగాళ్ల వీధిలో మా అత్తవారిల్లు. మా నాయన బట్టల మూట మోసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు గనుక నాకు మగ్గం సంగతి బొత్తిగా తెలియదు. మా సీమలో మబ్బు పడితే లోకమంతా ఆకాశానికి దండం పెడుతుంది కదా, ఈ వీధిలో మాత్రం మొహాలు వాడిపోయేవి, అదేమి చోద్యమో కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు. నేతగాడు కాళ్లు దించుకుని కూర్చునే గుంతలోకి నీళ్లు ఊరేవి, గంజి పెట్టిన నూలు చెమ్మకు మెత్తబడి పోగులు తెగేవి, మళ్లీ ఆరేదాకా పనీ లేదు, కూలీ లేదు. అప్పుడు వీధంతా సాహుకారు అరుగు ముందు నిలబడేది. ఉన్నమాట చెప్పాలి, ఆయన ఎవరినీ కాదనేవాడు కాదు, నవ్వుతూనే అడ్వాన్సు ఇచ్చేవాడు. కాకపోతే ఆ అడ్వాన్సు తీరేదాకా మగ్గం ఆయనదే, ఆయన నూలే నేయాలి, ఆయన చెప్పిన కూలికే నేయాలి. వేరు కాపురం ఉన్న మా బావగారు తన పెళ్లికని తీసుకున్నది, బిడ్డలు ఎదిగొచ్చినా తీరలేదు.

అందుకే మా అత్త, నేసిన చీర ఇచ్చి కూలి తెచ్చిన రోజున, జొన్నలకూ ఉప్పుకూ తియ్యకముందే కొంత తీసి అటక మీది కుండలో వేసేది. దాన్ని వానల కుండ అనేది. మిగిలితే దాచుకోవడం అందరూ చేసేదే, ముందు దాచి మిగిలినదాంతో వండుకోవడం ఆమె దగ్గరే చూశాను. పండగకు రవిక గుడ్డ అడిగినా ఆ కుండ కదిలేది కాదు. ఎంత పిసినారి మనిషి దొరికిందమ్మా నాకు అని లోలోపల ఉడికిపోయేదాన్ని. మా ఆయనకైతే సైకిలు మీద మనసు. ఒకనాడు ధైర్యం చేసి కుండ మాట ఎత్తాడు.

"గుంతలోకి నీళ్లొస్తే నీ సైకిలు తోడిపోస్తాదా అప్పా?" అని అత్త జొన్నలు చెరుగుతూనే అడిగింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తితే ఒట్టు. మొన్న ఫోను సంగతి వినగానే నా నోటికి వచ్చిందీ ఈ మాటే.

ఆ ఏడే మా ఊళ్లో నేతగాళ్ల సొసైటీ పెడతారని కబురు వచ్చింది. నూలు వాళ్లే ఇస్తారు, కూలి ఎక్కువ, అయితే ఏ సాహుకారుకూ బాకీ లేని మగ్గాన్నే చేర్చుకుంటారు. వానలు పోయాక పేర్లు రాసుకుంటామన్నారు. మేము ఆశగా ఎదురుచూస్తుండగా ముసురు పట్టింది చూడండి, మా సీమలో అంత వాన నేనెన్నడూ చూడలేదు! మగ్గం గుంత నిండి నీళ్లు నట్టింట్లోకి వచ్చాయి. గింజలు అయిపోయాయి. వీధిలోవాళ్లు ఒక్కొక్కరే అరుగు దగ్గరికి పోయి అడ్వాన్సు తెచ్చుకుంటున్నారు. మమ్మల్నయితే సాహుకారు మనిషిని పంపి మరీ పిలిపించాడు. మా ఆయన గోనెసంచి నెత్తిన కప్పుకుని లేచి, "ఇంగ నా చేత కాదుమ్మా, పోతాండా" అన్నాడు. అయిపోయింది, ఇక మేమూ బావగారి దారే అనుకున్నాను.

అత్త అటక మీది కుండ దించి చాటలో బోర్లించింది. "యాడికీ పోబాకు. ఈ దుడ్లుండేది ఇట్లాంటి పొద్దుకే. పొయ్యి జొన్నలు తీసుకరా" అంది.

ఒక పూట సంగటి, ఒక పూట గంజితో ముసురు వెలిసేదాకా ఆ కుండే మమ్మల్ని నెట్టుకొచ్చింది. సొసైటీవాళ్లు వచ్చి, మా మగ్గానికి బాకీ లేదని విచారించుకుని మా ఆయన పేరు రాసుకున్నప్పుడు, అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది నాకు! మొదటి చీర మడతపెట్టుకుని ఆయన సొసైటీకి పోతుంటే గడపలో నిలబడి చూశాను. సాహుకారు అరుగు ముందుకు రాగానే ఆ వీధిలో నేతగాళ్లంతా భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాళ్లు. మా ఆయన తియ్యలేదు. "ఏమప్పా, బాగుండావా?" అని సాహుకారే ముందు పలకరించాడు. ఆ సంగతి లోపలికి పోయి చెబితే అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఇప్పుడు ఆ వీధిలో గుంతలన్నీ పూడ్చి బండలు పరిచారు. అరుగూ లేదు, సాహుకారూ లేడు. అప్పు తీసుకున్నందుకు ఎవరి ముందూ తువ్వాలు దించనక్కరలేదు, అదీ మంచిదే. కానీ బాకీ లేని మనిషి వీధిలో ఎట్లా నడుస్తాడో ఈ పిల్లలకు చూపిద్దామంటే, మా ఆయన లేడు.