బావ పెట్టుకున్న దరఖాస్తు

మొన్న ఆదివారం మా మేనకోడలు ఇంటికి వచ్చి, పరదేశపు యూనివర్సిటీకి తాను పెట్టుకుంటున్న దరఖాస్తును లాప్‌టాప్‌లో తెరిచి, "మామా, జర విను, ఎక్కడన్న ఎక్కువైతే చెప్పు" అని చదవడం మొదలుపెట్టింది. తను నిజామాబాద్‌లో యూనివర్సిటీ పిల్లలకు పాఠాలు చెబుతుంది. అక్కడి పంతుళ్ళు ఇక్కడికి, ఇక్కడివాళ్ళు అక్కడికి పోయి ఏడాదిపాటు పనిచేసి రావడానికి ఇచ్చే గ్రాంటట అది. నేను చేశాను, నేను కనిపెట్టాను, నా ఆధ్వర్యంలో జరిగింది అని ప్రతి వాక్యంలోనూ వినబడుతుంటే మొదట నాకు ఒళ్ళు మండింది. అంతలో ఆ పిల్ల తండ్రి, మా అక్క పెనిమిటి, గుర్తుకొచ్చాడు. ఇక ఆ మంట ఎవరి మీద చూపాలో తెలియలేదు.

నా ఈడువాళ్ళకు ఆ కాలం గురించి వేరే చెప్పనక్కరలేదు. బోధన్ చుట్టూ ఎటు చూసినా చెరకే. సీజను మొదలైందంటే ఎడపల్లి రోడ్డు మీద బండ్ల వరస తెగేది కాదు. నేను బడి మధ్యలో మానేసి, కిరాణా పొట్లాల కాగితాలు చదివి నాలుగక్షరాలు నేర్చుకుని, చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర చిట్టీలు రాసే పనిలో కుదురుకున్నాను. బావ పెద్ద చదువులు చదివి యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. అయినా సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వచ్చి ఎడపల్లి చేలల్లోకి దిగేవాడు.

అప్పట్లో చెరకును ఎర్రకుళ్ళు పట్టి పీడించేది. గడను చీలిస్తే లోపలంతా ఎర్రటి చారలు, పులిసిన వాసన. ఆ రోగం విత్తనంతోనే వస్తుందనీ, ముచ్చెలను, అంటే నాటడానికి నరికిన గడముక్కలను, వేడినీళ్ళలో ఉంచి తీస్తే చాలావరకు తగ్గుతుందనీ శాస్త్రంలో ఉన్నదే కానీ, దానికి కావలసిన యంత్రం మన రైతుకు ఎక్కడ దొరుకుతుంది? బావ ఆ పనిని బెల్లం వండే కడాయిలతోనే చేయించాలని పట్టుబట్టాడు. మంట ఎంత ఉండాలి, మొలక చావకుండా ముచ్చెలను ఎప్పుడు పైకి తీయాలి అన్నది తేలడానికి ఏళ్ళు పట్టింది. ఎంతో విత్తనం ఉడికి పాడైంది, రైతులతో తిట్లు తిన్నాడు, పొయ్యి పొగకు కళ్ళు నిప్పు కణికలయ్యేవి. చివరకు సాధించాడు.

ఇలాంటి గ్రాంటు ప్రకటనే ఒకటి సరిగ్గా అప్పుడే వచ్చింది. చెరకు రోగాల మీదే పనిచేసే పరదేశపు ప్రయోగశాలలో ఏడాది. వయసు నిబంధన ప్రకారం బావకు అదే ఆఖరి అవకాశం. ఆయన మరి దేనినైనా అంతగా కోరుకోవడం నేను చూడలేదు.

దరఖాస్తు రాసి మా అక్కకూ నాకూ తెలుగు చేసి వినిపించాడు. మొదటి పేజీ నిండా వాళ్ళ గురువుగారు, రెండో పేజీ నిండా రైతులు, చిట్టచివర ఇందులో అల్పుడనైన నా పాత్ర స్వల్పమని ఒక ముక్క. మా అక్క చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "గన్నీ వాళ్ళే జేస్తే నువ్వు గాడ కూసోని ఏం జేసినవ్, పొగ మింగినవా? గట్ల అడుగరా వాళ్ళు?" అంది. బావ నవ్వి, "మన గొప్ప మనమే చెప్పుకుంటమానే? సదివెటోళ్ళకు సమజైతది" అన్నాడు.

గురువుగారి సిఫారసు మరీ చిత్రం. కన్నవాళ్ళు బిడ్డనూ, గురువు శిష్యుణ్ణీ పొగిడితే ఆయుష్షు తగ్గుతుందని గట్టిగా నమ్మే పెద్దమనిషి ఆయన. "నీ మంచి కోరి ఒక్క పొగడ్త గూడ రాయలేదయ్యా, వినయవంతుడు, పెద్దల మాట వింటడు, వేళకు వస్తడు అని మాత్రం రాసిన" అని ఆయనే స్వయంగా చెబితే, బావ కాళ్ళకు దండం పెట్టి వచ్చాడు. పెళ్ళి సంబంధానికైతే ఆ మాటలు దివ్యంగా పనికొచ్చేవి.

సెలవులకు బావ మా దగ్గర ఉండగానే పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూకు హైదరాబాద్ పోతే నేనూ తోడు వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఏం జరిగిందో తిరుగు బస్సులో చెప్పాడు. ఈ పనిలో మీదంటూ ఏముందని అడిగారట. బావ చేతులు కట్టుకుని, అంతా మా సారు దయ, రైతుల చలువ అన్నాడట. అయితే మీ సారునూ రైతులనూ పంపుతాం, మీరెందుకు అని ఒకాయన అనగానే అందరూ నవ్వారట. అది చెబుతూ బావ కూడా నవ్వాడు. కామారెడ్డి దాటాక కిటికీవైపు తిరిగి, "కడాయిల ముచ్చట ఒక్కటన్న చెప్పేదుండె బామ్మర్దీ. నోరు లేవలె" అన్నాడు.

గ్రాంటు రాలేదు, వయసు దాటిపోయింది. వినయాన్ని చేతగానితనం కింద జమకట్టిన ఆ పెద్దలు పరదేశం వాళ్ళేమీ కారు, మనవాళ్ళే. వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలకు గొప్పలు చెప్పుకోవద్దనే నేర్పి ఉంటారు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. అందుకే మొన్న మేనకోడలు చదవడం ముగించి నా ముఖం చూస్తే, ఎక్కువ కాలేదు బిడ్డా, ఇంకో రెండు ముక్కలు రాసుకో అన్నాను.

బావ పోయి చాలా ఏళ్ళయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వేసేవాళ్ళే తగ్గారు. ఆ మధ్య బోధన్ బస్సులో నా పక్కన కూర్చున్న ఎడపల్లి రైతు మాటల్లో మాటగా, "మేము ముచ్చెలను కడాయిల వేసి కాగబెట్టి పెడ్తం పెద్దయ్యా, మా తాత కనిపెట్టిండు. గీ ఉపాయం సదువుకున్నోళ్ళకు యాడెరుక" అన్నాడు. మీ తాతకు ఎవరు చెప్పారని అడిగాను. "ఎవలు జెప్తరు? ఆయినకే తట్టింది" అన్నాడు, ఎంత ప్రేమగా అన్నాడంటే, నోటి దాకా వచ్చిన కోపాన్ని మింగి ఆయన దిగేదాకా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. నా చోట బావ ఉంటే, మీ తాత మంచి పని చేశాడని మనసారా మెచ్చుకుని ఉండేవాడు. నేనంత మంచివాణ్ణి కాను. అలా మెచ్చుకోగలిగినవాళ్ళు మన ఈడుతోనే అయిపోతున్నారు; ఎక్కడైనా ఒకరిద్దరు మిగిలి ఉన్నా, వాళ్ళకు గ్రాంటులు రావు.