తాడు పట్టేవాళ్లకు పాఠం

మా కాలిమ్నోస్ ద్వీపంలో ఫిజిక్స్ క్లాసంటే పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్లు. కారణం థెమెలీనా టీచర్. బోర్డు మీద సూత్రం రాయడం ఆమెకు ఆఖరి పని. అంతకుముందు ఏదో ఒకటి పేలాలి, పొంగాలి, లేదంటే ఎవరో ఒకరు తడవాలి.

ఈస్టరుకు ముందు సోడా పాఠం ఉండేది. పండగ వెళ్లగానే మా పడవలు సముద్రం అడుగున పెరిగే స్పాంజి కోసం ఆఫ్రికా తీరానికి బయల్దేరతాయి. బడి ముగించిన కుర్రాళ్లు గాలిగొట్టం తగిలించిన ఇత్తడి టోపీ, రబ్బరు దుస్తులు తొడుక్కుని సముద్రం అడుక్కి దిగుతారు. చలికాలం ముందు తిరిగొచ్చేసరికి ఏటా ఎవరో ఒకరి కాళ్లు చచ్చుబడి ఉంటాయి. "సముద్రం తీసుకుంది" అని సరిపెట్టుకునేవాళ్లం. పాపం, మా చేతకానితనానికి సముద్రం ఎన్ని నిందలు మోసిందో! ఆ మాట వింటేనే థెమెలీనాకు ఒళ్లు మండేది.

సోడా సీసా బాగా కుదిపి బిరడా ఒక్కసారిగా లాగేది. నురగంతా ముందు బెంచీ వాళ్ల మొహాన పడేది. రెండో సీసానూ అలాగే కుదిపి, బిరడా కొద్దికొద్దిగా వదులు చేసేది. బుస్సుమని గాలి పోయేది తప్ప చుక్క ఒలికేది కాదు.

"అడుగున మీరు పీల్చే గాలి ఇలాగే నెత్తుట్లో కరిగి కూర్చుంటుందర్రా. గబుక్కున పైకొచ్చారో, ఈ నురగే మీ వెన్నులో! ఎలా రావాలి?"

"ముసలమ్మ మెట్లెక్కినట్టు, టీచర్!" అని అరిచాడు మికేస్. తండ్రి లేని పిల్లాడు, క్లాసులో అందరికన్నా చురుకు. ఆ వేసవిలో మొదటిసారి దిగబోతున్నాడు. అదీ థెమెలీనా భర్త నోమికోస్ పనిచేసే పడవలోనే.

నోమికోస్ నీళ్లలోకి దిగడు. పడవ మీద నిలబడి, దిగినవాడి నడుముకు కట్టిన తాడు పట్టుకుంటాడు. ఎప్పుడు లాగాలో, ఎంత వేగంగా లాగాలో అంతా అతని చేతిలోనే ఉంటుంది. వెన్నలాంటి మనిషి, చదువు మాత్రం అబ్బలేదు. ఆ సాయంత్రం ఆమె దగ్గరికొచ్చాడు.

"ఏం టీచరమ్మా, ఊరంతా నీ సోడా గొడవే. నాకూ ఓసారి చూపించవే."

పేపర్లు దిద్దుతూ ఆమె తల కూడా ఎత్తలేదు. "పిల్లల పాఠం నీకెందుకులే. వెళ్లి ఆ చేపలు శుభ్రం చెయ్యి."

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

పడవలు తిరిగొచ్చిన రోజు మికేస్‌ను ఇద్దరు మోసుకుని దింపారు. వెనకే నోమికోస్ దిగాడు.

"తాడు ఉన్నట్టుండి వదులైపోయిందే. పిల్లాడికేదో అయిందని గుండె ఆగినంత పనైంది. అరిచేతులు చీరుకుపోతున్నా ఆపకుండా లాగేశాను. కాళ్లు సముద్రం తీసుకుంది, ప్రాణం నేను లాక్కున్నాను. మంచి పనే చేశాను కదూ?"

ఏ పిల్లాడి తప్పు జవాబునూ ఎన్నడూ ఒప్పుకోని థెమెలీనా "ఆ, మంచి పనే చేశావు" అంది.

మికేస్ మంచం పక్కన కూర్చుని ఆమె భోరుమంటే, వాడే ఓదార్చాడు.

"నాకేం కాలేదు టీచర్. స్పాంజి కోద్దామని వెనక్కి జరిగాను, తాడు వదులైంది, అంతే. అంత వేగంగా లాగుతుంటే ఏమవుతుందో నాకు తెలుస్తూనే ఉంది. నోమికోస్ మావయ్యకు మాత్రం చెప్పకండి. ఆదివారమొస్తే నన్ను వీపు మీద చర్చికి మోసుకెళ్తున్నాడు."

ఆమె చెప్పలేదు. చలికాలమంతా కడుపులోనే దాచుకుంది. మళ్లీ ఈస్టరు దగ్గరపడింది. పడవెక్కబోయే కొత్త కుర్రాళ్లు అప్పుడే గొప్పలు పోతున్నారు. దిగేవాళ్లకు ఇన్నేళ్లు చెప్పింది కానీ లాగేవాళ్లకు ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే, మికేస్ కాళ్లు తన చేతుల్లోనే పోయాయని నోమికోస్‌కు తెలిసిపోతుంది. చెప్పకపోతే ఇంకో పిల్లాడి కాళ్లు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కాఫీ కొట్లో పాఠం పెట్టింది. తాడు పట్టేవాళ్లంతా వచ్చారు, కొందరు ఎగతాళికే. "జరగండెహె, మా ఆవిడ పాఠం!" అంటూ నోమికోస్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. మొదటి సీసా పొంగి అతని మీసాలు తడిస్తే అందరితోపాటు అతనూ పగలబడి నవ్వాడు. ఆమె రెండో సీసా మెల్లగా తెరిచింది. నెత్తురు గురించి, తాడు గురించి చెప్పింది. భర్త వైపు చూడకుండా చెప్పింది.

కొట్లో నవ్వులు ఆగిపోయాయి. నోమికోస్ బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

"టీచరమ్మా... మెల్లగా లాగి ఉంటే, వాడు నడిచేవాడా?"

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. అతని వెనక, వారం తిరిగేసరికి తాళ్లు పట్టబోయే మగాళ్లంతా ఆమె జవాబు కోసం చూస్తున్నారు.

"నడిచేవాడు" అంది.

నోమికోస్ ఎత్తిన చెయ్యి దించలేదు. మొహమంతా కన్నీళ్లు, తుడుచుకోనూ లేదు.

"అయితే ఎంత మెల్లగా లాగాలో చెప్పు. వీళ్లందరూ వినాలి."