బండ్లను పరామర్శించే శరణప్ప

జహీరాబాద్‌లో మనిషి పోతే శరణప్ప వెళ్ళినా వెళ్ళకపోయినా, బండి దగ్గితే మాత్రం పరామర్శకు కూర్చుంటాడు. చిరాగ్‌పల్లి వైపు హైవే పక్కనున్న అతని మెకానిక్ షెడ్డుకు కారు వచ్చిందంటే చాలు, భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుంటాడు. బానెట్ మీద చెయ్యి వేసి, కాసేపు నేల చూపులు చూసి, "కష్టమే" అంటాడు. ఆ మాట అనకుండా అతను పానా పట్టిన రోజు లేదు.

రాయికోడ్ ప్రశాంత్ ఒకసారి వైపర్ రబ్బరు మార్పించుకోవడానికి వచ్చాడు.

"కొని ఎన్నేండ్లయింది?" అన్నాడు శరణప్ప.

"నాలుగేండ్లు."

"చిన్న వయసే, పాపం."

"అన్నా, రబ్బరే గదనే!"

"మొదలు అందరు గట్లనే అంటరు. రబ్బరుతోనే షురువైతది."

ప్రశాంత్ ఆ పూట అన్నం తినలేదు. చావింటి నుంచి బయల్దేరేటప్పుడు వెళ్ళొస్తామని ఎవరూ చెప్పరు కదా, శరణప్ప షెడ్డు నుంచి కూడా జనం అలాగే మాట్లాడకుండా జారుకునేవారు. పనితనానికి వంక పెట్టలేరు గనుక మళ్ళీ అక్కడికే వచ్చేవారు. అలవాటు పడ్డవాళ్ళు అతని మాటలకు అర్థాలు కూడా కట్టుకున్నారు. "కష్టమే" అంటే బోల్టు వదులైంది. "మన చేతుల ఏమున్నది" అంటే ప్లగ్గు పోయింది. "పైవాడు పిలిచిండు" అంటే హారన్ మోగడం లేదు.

అల్లం వ్యాపారం చేసే విరూపాక్షకు ఈ లెక్క బాగా తెలుసు. కానీ ఒక సాయంత్రం కారు తెచ్చినప్పుడు అతనికి నవ్వే ఓపిక లేదు. మర్నాడు భార్య సావిత్రమ్మను హైదరాబాద్ దవాఖానలో చేర్చాలి. గుండె ఆపరేషన్. "నేను రాను, ఇక్కడనే పోత" అని ఆమె చాలా రోజులు మంచం దిగలేదు. బతిమాలగా బతిమాలగా ఒప్పుకుంది, అదీ తెలిసినవాళ్ళ బండిలో అయితేనే. అంబులెన్సు పేరెత్తితే ఏడుపే. తీరా ఇప్పుడు కారు యాక్సిలరేటర్ తొక్కితే చాలు, గరగరమంటోంది. రేపటి ప్రయాణం తప్పితే ఆమె మళ్ళీ గడప దాటదని విరూపాక్ష భయం.

శరణప్ప పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"నిలవెట్టే రేస్ చెయ్యి."

చప్పుడు లేదు.

"ఇంజన్‌ది గాదు. ఇగ పోనియ్యి, గట్టిగ తొక్కు."

గరగరగర.

"కాలు తియ్యి."

ఆగిపోయింది.

"మొత్తం కుడికి తిప్పి తొక్కు."

గరగరకు టకటక తోడైంది. షెడ్డుకు తిరిగొచ్చి, జాకీ ఎత్తి, కిందికి దూరాడు శరణప్ప. చక్రాన్ని తిప్పే యాక్సిల్ కీలు మీది రబ్బరు తొడుగు నిలువునా చిరిగింది. గ్రీజంతా చక్రం లోపలికి చిమ్మింది. లోపలి ఉక్కు గోళీలు దుమ్ములో అరుగుతున్నాయి.

విరూపాక్ష చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. "కష్టమే" అంటే గండం గడిచినట్టే.

శరణప్ప బయటికొచ్చి చేతులు తుడుచుకుని, "ఏం గాదు" అన్నాడు.

విరూపాక్ష రెండడుగులు ముందుకొచ్చాడు. ఆ షెడ్డులో ఆ మాట విన్నవాడు లేడు.

"అన్నా, గంత పెద్ద రోగమా?"

"సామాను రేపు మాపటికి గాని రాదు. దీనితోని హైవే ఎక్కితే నడిమిట్ల ఆగిపోతవ్. సావిత్రమ్మ చెల్లె ఎట్లున్నది?"

విరూపాక్ష చెప్పడం మొదలుపెట్టి, సగంలోనే పాత టైరు మీద కూలబడి ఏడ్చేశాడు. శరణప్ప ఓదార్చబోయాడు గానీ, రెండోసారి "ఏం గాదు" అనడానికి అతనికి నోరు తిరగలేదు. అలవాటు లేని పని.

మర్నాడు తెల్లవారగానే తన పాత కారులో విరూపాక్ష ఇంటి ముందు దిగాడు. కారు చెడిందన్న సాకు దొరకడంతో సావిత్రమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. శరణప్ప తువ్వాల చేతిలోకి తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లె, నా బండి ఆఖరి దినాలల్ల ఉన్నది. హైదరాబాద్‌ల పెద్ద మిస్త్రీకి సూపెట్టాలె. ఒక్కన్నే పోవాలంటే భయమైతుంది. జర తోడొస్తరా?"

సావిత్రమ్మ ఇటు తిరిగి అతని మొహం చూసింది. లేచి కొంగు సర్దుకుంది.

"గింతదానికి గంత బెంగ వెట్టుకుంటరానే అన్నా? పా, పోదాం."

దారి పొడుగునా శరణప్పది అదే ఏడుపు.

"చెల్లె, ఏమన్న సప్పుడు ఇనవడ్తుందా?"

"ఏం లేదన్నా."

"అదే నా భయం. అరిచే ఓపిక గూడ లేదు దానికి."

సంగారెడ్డి దాటేసరికి సావిత్రమ్మకు తన గుండె సంగతి గుర్తులేదు. ఇంజన్‌కు ధైర్యం చెప్పాలో నడిపేవాడికి చెప్పాలో తెలియక ఇద్దరికీ చెబుతోంది. మధ్యలో ఒకసారి ఫక్కున నవ్వింది కూడా. పక్కన కూర్చున్న విరూపాక్ష కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

దవాఖానలో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే ఆమె ఆపమంది.

"అన్నా, ఫికర్ చెయ్యకు. మిస్త్రీ మంచోడైతే ఏ బండైన లేస్తది. నా గుండెనే కోస్తున్రు, నేను భయపడ్తున్ననా?"

తలుపులు మూసుకున్నాయి. విరూపాక్ష గొంతు సవరించుకుని, "ఆ మిస్త్రీ యాడుంటడన్నా?" అన్నాడు.

"ఏ మిస్త్రీ?"

"నీ బండికి..."

"దానికేమైంది? మొన్ననే ఇంజన్ పని చేసిన. బొంబాయి దాంక ఉరుకుతది." శరణప్ప చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "చెల్లెకు చెప్పకు."

విరూపాక్షకు నవ్వాలో దండం పెట్టాలో తోచలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. జహీరాబాద్ తిరిగెళ్ళిన శరణప్ప ఫోన్ చేశాడు. "కొత్త కీలు ఏసిన. మొగుడంపల్లి దాంక తొక్కి సూసిన, నీ బండిల గరగర లేదు" అన్నాడు. అంత మంచి మాట అన్నందుకు అతనికే ఇబ్బందిగా ఉన్నట్టుంది, వెంటనే పెట్టేశాడు.

మంచం మీద సావిత్రమ్మ కళ్ళు తెరిచింది. మొహం పాలిపోయి ఉంది. మాట పీలగా వచ్చింది.

"అన్న బండి ఎట్లున్నదట?"

విరూపాక్ష ఒక్క క్షణం ఆలోచించాడు. మొహం వేలాడేసి, నేల చూపులు చూశాడు.

"కష్టమేనట."

"ఫోను గిటు తే," అంది సావిత్రమ్మ, దిండు మీంచి తల ఎత్తుతూ. "నేను మాట్లాడ్త."