వెండెల్ హాల్వర్సన్ పెట్టిన కాపలా

అమెరికాలో మంచు దట్టంగా కురిసే డులూత్ ఊళ్లో, మంచు తోసే బళ్లకు దారులు చెప్పే ప్రోగ్రాములు రాస్తుంది మా చిన్న ఆఫీసు. అందులో ధర్మశాస్త్రమంటూ ఒకటుంటే, దాని కర్త వెండెల్ హాల్వర్సన్. ఆదివారాలు పిల్లల హాకీకి రిఫరీగా నిలబడి, సొంత మనవణ్ణే ఆటలోంచి బయటికి పంపిన ఘనుడు.

ఎవరు కోడ్ మార్చి కమిట్ కొట్టినా, అంటే ఆ మార్పును ఖాతాలో కెక్కించినా, ముందు తప్పుల తనిఖీ పూర్తిగా జరగాలని శాసించింది ఆయనే. చిన్న మార్పుకైనా అంతే. అది ముగిసేలోపు కాఫీ కాచుకుని, తాగి, కప్పు కూడా కడుక్కోవచ్చు. తనిఖీని దాటేసే ఆజ్ఞ ఒకటుంది గానీ, అది ఆపద్ధర్మం.

అక్టోబరులో ఐయోన్ పెల్కీ ఆ ఆజ్ఞ వాడింది. ఏమీ చెడిపోలేదు. అయినా వెండెల్ గుడ్డ దుప్పి బొమ్మ తెచ్చి ఆమె బల్లమీద సకల మర్యాదలతో ప్రతిష్ఠించాడు. మా దగ్గర పని చెడగొట్టినవాళ్లకు దక్కే బిరుదది.

"నీకొక్కదానికేనా తల్లీ తొందర? మేమంతా ఖాళీగా ఉన్నామా?" అన్నాడు అందరి ముందూ.

డిసెంబరు తుఫాను నాటి ఉదయం, మూసేసిన వంతెన ఒకదాన్ని వెండెల్ దారుల్లోంచి తొలగించాడు. దాంతోపాటు కొండమీది పేటలన్నీ పటంలోంచి ఊడిపోయాయి. తనిఖీ నడిచుంటే పట్టేసేదే. నడవలేదు.

మధ్యాహ్నానికి బళ్లన్నీ సరస్సు ఒడ్డు వీధినే గీకుతున్నాయి. కొండపేటల జనం మోకాలిలోతు మంచులో చిక్కుకున్నారు. నగరపాలక అధికారి ఫోన్లో, "ఆ వీధిలో ఇంక మంచు లేదు. తారు కూడా లేపెయ్యమంటారా?" అని అడిగాడు.

మేనేజరు రోలండ్ మా గదిలోకొచ్చాడు. "తనిఖీ దాటేసిందెవరు?"

తలలన్నీ ఐయోన్ వైపు తిరిగాయి. వెండెల్ తల కిందికి తిరిగింది.

"మళ్లీనా, ఐయోన్?"

"నేను కాదు. మార్పుల చరిత్రలో పేరుంటుందిగా, తెరిచి చూడండి." అంది ఐయోన్.

రోలండ్ చెయ్యి మౌస్ మీద పడింది. అప్పుడన్నాడు వెండెల్, "తెరవక్కర్లేదు. నేనే."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఆయనకు కాస్త తేలికయ్యేది.

"ఇదొక్కసారేనా?" అంది ఐయోన్.

ఆయన మెడ దాకా ఎర్రబడ్డాడు. "రోజూ. అంతసేపు ఎవడు కూర్చుంటాడు?"

"మమ్మల్ని కూర్చోబెట్టారుగా!"

సాయంత్రానికి శాసనం మారింది. కమిట్ దగ్గర చిటికెలో అయ్యే పైపై తనిఖీ చాలు. అందరి కోడ్ కలిసేచోట మాత్రం పూర్తి తనిఖీ. అక్కడ దాటేసే ఆజ్ఞ వెండెల్‌తో సహా ఎవరికీ లేదు. పైగా ఇంకొకరు చదివి సరేననాలి.

కొండపేటల్ని పటంలోకి తిరిగి తెచ్చే తన దిద్దుబాటును వెండెల్ ఐయోన్ దగ్గరికే తీసుకెళ్లాడు. ఆమె మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.

"కూర్చోండి. టైము పడుతుంది."

"పర్లేదమ్మా," అని ఆయన నిలబడే ఉన్నాడు.