వచ్చే నెల వస్తుందన్న త్రీజీ

మొన్న అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగే ఆ రెండు నిమిషాల లోపలే, నా పక్కన నిలబడ్డ ఒక అమ్మాయి చేతిలోని ఫోనులో వీడియో ఏదో క్షణంపాటు ఆగింది. "ఛీ, ఏం నెట్‌వర్కో ఏమో" అని విసుక్కుని, ఆ పిల్ల ఫోనును అరచేతిలో రెండుసార్లు తట్టి కిటికీ వైపు తిప్పి పట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ విసుగూ, ఆ తట్టడమూ, వెలుతురుకు పట్టి చూసినట్టు ఫోనును అటూ ఇటూ తిప్పడమూ నేను ఒకప్పుడు రోజంతా కూర్చుని చూసినవే మరి. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఫోనులో ఇంటర్నెట్ అంటే తెర మధ్యలో గుండ్రంగా తిరిగే ఒక గుర్తు తప్ప మరేమీ కనిపించని రోజులు ఉండేవి. త్రీజీ వస్తుందని అందరూ అనుకుంటున్న, ఎవరికీ రాని రోజులవి.

మాది తెనాలి. పెళ్లయ్యాక యూసుఫ్‌గూడలో అద్దె ఇంట్లో దిగాం. మా అమ్మాయి ఇంటర్మీడియట్‌లో చేరేదాకా నేను ఇల్లు దాటి ఉద్యోగం చేసినదాన్ని కాదు. నలభై నిండాక, పగలంతా ఇంట్లో ఏం తోచక, పంజాగుట్ట చౌరస్తాకు దగ్గర్లో ఒక మొబైల్ కంపెనీ వాళ్ల కస్టమర్ కేర్ ఆఫీసులో కౌంటర్ ఉద్యోగానికి వెళితే, తెలుగు స్పష్టంగా మాట్లాడుతున్నానని తీసుకున్నారు. గాజు తలుపు, చల్లటి గాలి, వరసగా నాలుగు కౌంటర్లు, గోడకు ఎర్ర అంకెలతో టోకెన్ నంబర్లు చూపే బోర్డు. మొదటి వారం ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. రెండో వారం నుంచి తిట్లు మొదలయ్యాయి.

తిట్టిన వాళ్లను అని ఏం లాభం? అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోచింగ్ సెంటర్లలో జావాలూ ఒరాకిళ్లూ నేర్చుకునే పిల్లలు ఇంటర్వ్యూ మెయిల్ వచ్చిందని ఫోను తెరిస్తే, అది తెరుచుకునేసరికి ఇంటర్వ్యూ టైము దాటిపోయేది. కృష్ణానగర్ నుంచి వచ్చే జూనియర్ ఆర్టిస్టు ఒకామె, తన ఫొటో పంపడానికి పొద్దున్నే మేడ మీద నీళ్ల ట్యాంకు ఎక్కి కూర్చుంటానని, అది వెళ్లేలోపు ఆ వేషం వేరేవాళ్లకు వెళ్లిపోతోందని చెప్పి ఏడ్చినంత పని చేసింది. క్లాసులు వదిలే వేళకు ఆ వీధుల్లో వేలమంది ఒకేసారి ఫోన్లు తీసేవాళ్లు, ఉన్న కాస్త సిగ్నలూ అందరికీ తలా ఇంత పంచినట్టయ్యి ఎవరికీ చాలేది కాదు. మేము చేయగలిగింది ఫోను ఆపి మళ్లీ పెట్టమనడం, సెట్టింగులు మళ్లీ పంపడం. ఆ రెండూ అయ్యాక మా మేనేజరు గారు నేర్పిన మాట ఒకటుండేది. "అప్‌గ్రేడ్ పనులు జరుగుతున్నాయండీ, వచ్చే నెలకల్లా త్రీజీ వచ్చేస్తుంది." ఏ నెల అడిగినా అదే మాట. నేను దాన్ని ఎంత నమ్మకంగా చెప్పేదాన్నంటే, ఇంటికి వెళ్లాక మా ఆయన నెట్ రావట్లేదని గొణిగినా అలవాటుగా అదే చెప్పేదాన్ని.

అలాంటి ఒక రోజు, గోడ మీది బోర్డు పాడవడంతో నోటితోనే టోకెన్ నంబరు పిలిస్తే ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాను. ఎదుటి బెంచీ మీద ముప్పై ఏళ్ల అతను ఒకడు, ఇస్త్రీ మడత నలగని నీలం చొక్కాలో, అదే నంబరు చీటీ వేళ్ల మధ్య పట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఏంటండీ, ఎన్నిసార్లు పిలవాలి? వినపడట్లేదా?" అని నలుగురూ తిరిగి చూసేలా గట్టిగా అన్నాను. పక్కనున్న పెద్దాయన అతని భుజం తట్టి నన్ను చూపించాడు. అతను గబగబా వచ్చి, చెవి మీద వేలు పెట్టి లేదన్నట్టు చెయ్యి ఊపి, క్షమించమన్నట్టు నవ్వాడు. తప్పు చేసింది నేనైతే నవ్వి సర్దుకున్నది అతను. ఆ సిగ్గు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాశాడు. "త్రీజీ ఎప్పుడు?" నేను కింద రాశాను, వచ్చే నెల అని. అతని ముఖం విప్పారింది. రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు.

సరిగ్గా మరుసటి నెల మొదటి వారంలో వచ్చాడు. అదే ప్రశ్న, అదే జవాబు. ఆ పై నెల కూడా. సినిమాలు చూసుకోవడానికి ఇంత ఆరాటమేమిటా అనుకున్నాను, నిజం చెప్పొద్దూ. మూడోసారి ఆఫీసులో జనం పల్చగా ఉండడంతో, ఎందుకు మీకు త్రీజీ అని రాసి అడిగాను. అతను చాలాసేపు రాశాడు. మూగ చెవిటి బడిలో చదివినవాడు, విభక్తులూ ప్రత్యయాలూ లేకుండా మాటలు మాత్రం వరసగా పేర్చేవాడు. అమీర్‌పేటలో ఫ్లెక్సీల దుకాణంలో డిజైన్లు చేస్తాడట. మైత్రీవనం గోడల నిండా కనిపించే ఆ కోర్సుల బోర్డుల్లో సగం అతని చేతివే. భార్య వరంగల్‌లో వినపడని ఆడపిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పుతుంది. ఆమెకూ వినపడదు. పెళ్లయి రెండేళ్లు. మేమైతే వేరే ఊళ్లో ఉన్న మనిషితో రోజూ ఫోనులో మాట్లాడేవాళ్లం కదా, వాళ్లకు అది లేదు. మెసేజీలే. ఆదివారాలు ఆమె ఇక్కడికి వచ్చి వెళ్లేది. ఒక ఆదివారం దుకాణంలో పని పడి, "రావద్దు" అని మెసేజీ పెట్టాడట. ఈ వారం రావద్దనేది అతని ఉద్దేశం. ఇక ఎప్పటికీ రావద్దంటున్నాడని ఆమె అనుకుంది. పన్నెండు రోజులు జవాబు లేదు. చివరికి సెలవు పెట్టి బస్సెక్కి వెళితే, అతని చేతులు కదలడం మొదలుపెట్టగానే ఆమెకు అర్థమైపోయిందట. పేజీ చివర రాశాడు. "ముఖం ఉంటే గొడవ లేదు."

అప్పుడు తెలిసింది నాకు, త్రీజీ ఉంటేనే పనిచేసే వీడియో కాల్ అంటే వాళ్లకు వినోదం కాదని, మనకు మామూలు ఫోను ఏమిటో వాళ్లకు అది అని. ఆ కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. వరంగల్‌లో ఒక ఫ్లెక్సీ దుకాణం వాళ్లు పనికి రమ్మన్నారు, జీతం తక్కువ, పని చిన్నది. త్రీజీ వచ్చేస్తుందని నేను చెప్పాను కాబట్టి రెండు నెలలుగా వాళ్లకు ఏ సంగతీ చెప్పకుండా ఆపి ఉంచాడు. ఈ పదిహేనో తేదీకి చెప్పకపోతే వేరేవాళ్లను తీసుకుంటారు.

నేను ఆ పుస్తకం నా వైపు తిప్పుకున్నాను. అడిగి చెబుతాను, శుక్రవారం రండి అని రాసి పంపించాను.

మా ఆఫీసుకు టవర్ల పని చూసే ఇంజనీరు ఒకతను వస్తూండేవాడు, సిద్దిపేట వైపు రైతు కుటుంబం, నన్ను అక్కా అని పిలిచేవాడు. మధ్యాహ్నం టీ తాగడానికి వచ్చినప్పుడు పట్టుకుని, వచ్చే నెల త్రీజీ ఖాయమేనా తమ్ముడూ అని అడిగాను.

"ఎవలు చెప్పిన్రక్కా నీకు? టవర్లకు త్రీజీ డబ్బాలు బిగించినం గని లైన్ల పని సగం సుత కాలే. ఈడ గింకా ఆర్నెల్లు పడ్తది."

"మరి వరంగల్‌లో?"

అతను టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "వరంగలా? పట్నంల్నే దిక్కు లేదు, గాడికి ఎప్పుడు పోతదో మా సార్లకే ఎరుక లేదు. జర ఆ ముచ్చట నేను చెప్పిన అనకు."

అంటే రెండు వైపులా ఉంటేనే పనికొచ్చే వస్తువును, ఒక వైపు కూడా లేనిదాన్ని, నేను నెల నెలా అతనికి ఇస్తూ వచ్చాను. మిగతావాళ్లకు ఆ మాట వల్ల కాస్త చిరాకు పెరిగి ఉంటుంది, అంతే. ఇతను దాని మీద కాపురం నిలబెట్టుకుని కూర్చున్నాడు.

శుక్రవారం వచ్చాడు. ఈసారి ప్రశ్న రాయలేదు, పుస్తకం తెరిచి పెన్ను నా చేతికి ఇచ్చాడు. పేజీ మీద ముందే రాసి ఉంది. "త్రీజీ వస్తే నేను ఇక్కడ. రాకపోతే నేను అక్కడ. నిజం చెప్పు." నేను రాశాను. ఇక్కడ ఆరు నెలలు పట్టవచ్చు. వరంగల్‌లో ఎప్పుడో తెలియదు. నేను ఇంతకుముందు చెప్పింది తప్పు. ఉద్యోగం వదులుకోవద్దు. చదివి, ముందు నా వంక, తర్వాత ఖాళీగా ఉన్న పక్క కౌంటరు వంక చూశాడు. కోప్పడతాడనుకున్నాను. మెల్లగా ఆ పేజీ చింపి, మడిచి జేబులో పెట్టుకుని, తల ఊపి వెళ్లిపోయాడు. ధన్యవాదాల్లేవు, చిరునవ్వూ లేదు.

ఈ సంగతి ఎలా తెలిసిందో, సాయంత్రానికి మేనేజరు గారు లోపలికి పిలిచారు. "కస్టమరుకు ఆరు నెలలని రాతపూర్వకంగా ఇస్తారా మేడం? రేపు వాడు అది పట్టుకుని ఇంకో కంపెనీకి పోతే?" అన్నారు.

"పోనివ్వండి సార్. మనం లేనిది ఉందని చెబితే అతను భార్య ఉన్న ఊరికి పోలేకపోతున్నాడు" అన్నాను. ఆయన ముందు నోరెత్తడం నాకు అదే మొదటిసారి. మర్నాటి నుంచి నన్ను కౌంటర్ మీంచి తీసి వెనక గదిలో సిమ్ కార్డుల దరఖాస్తులు సర్దే పనిలో వేశారు. కిటికీ లేని గది. రెండు నెలలు అక్కడే ఉన్నాను. ఇంట్లో చెప్పలేదు, కౌంటర్లో కూర్చుంటున్నాననే అనుకున్నారు.

ఆ గదిలో ఉండగానే ఒక రోజు నా కోసం ఎవరో వచ్చారని పిలిచారు. అతనే, పక్కన సన్నగా పొడుగ్గా ఒకమ్మాయి, చేతిలో సామాను సంచీ. వరంగల్ దుకాణంలో చేరిపోయాడట, ఇక్కడి గది ఖాళీ చేయడానికి ఇద్దరూ కలిసి వచ్చారు. ఆ అమ్మాయి నా వైపు చూస్తూ చేతులతో ఏదో చెప్పింది, చాలా వేగంగా, కనుబొమలూ పెదవులూ భుజాలూ అన్నీ కలిపి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను పుస్తకం తీయబోతే ఆమె వద్దని ఆపి, మళ్లీ అదే నిదానంగా చెప్పింది. ఈసారి అర్థమైంది. ఏం చెప్పిందో కాగితం మీద పెట్టమంటే మాత్రం నాకు చేతకాదు. వెళ్తూ వెళ్తూ నా ఫోను నంబరు ఆ పుస్తకంలో రాయించుకున్నారు.

త్రీజీ ఆరు నెలలకు కాదు, ఎనిమిదో నెలకు వచ్చింది. ఆఫీసుకు బెలూన్లు కట్టారు, మేనేజరు గారు ఒకటో కౌంటర్ నుంచి నాలుగో కౌంటర్‌కు వీడియో కాల్ చేసి చూపించారు. బొమ్మ మూడుసార్లు బిగుసుకుపోయినా అందరం చప్పట్లు కొట్టాం. వరంగల్‌కు మరో ఏడాది దాటాక చేరింది. చేరిన వారంలోనే నాకు తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. తీస్తే, వాళ్లిద్దరూ ఒకే తెరలో ఇరుక్కుని కూర్చున్నారు. చేతులు వేగంగా కదిపితే బొమ్మ చెదిరిపోయి వేళ్లన్నీ పొగలా కలిసిపోయేవి, అది గమనించి ఇద్దరూ నవ్వుకుంటూ ఒక్కో సైగా విడివిడిగా చేశారు. చివర్న చంటిపిల్లను ఎత్తి చూపించారు. ఆ పిల్ల వాళ్ల వేళ్లనే చూస్తోంది. నాకు వచ్చిన సైగలు రెండే, బాగున్నారా, బాగున్నాను. వాటినే తిరగేసి మరగేసి ఐదు నిమిషాలు మాట్లాడాను.

తర్వాత నంబర్లు మారాయి, ఆ ఆఫీసు కూడా తీసేశారు. ఇప్పుడు ఏ వేళకైనా, ఏ ఊరి నుంచైనా మనిషి ముఖం అద్దంలో చూసినట్టు కనిపిస్తోంది, ఎవరూ ఎవరినీ ఎప్పుడు వస్తుందని అడగక్కర్లేదు. కానీ తెనాలి నుంచి మా వాళ్ల కాల్ వచ్చినప్పుడు నేను చేసే మొదటి పని కెమెరా ఆపేయడం. తల దువ్వుకోలేదనో, ఇల్లు సర్దలేదనో. అవతలివాళ్లూ ఆపే ఉంచుతారు. రెండు నల్లటి తెరల మధ్య బాగున్నారా అంటే బాగున్నాం అనుకుని పెట్టేస్తాం. వాళ్ల గొంతులో ఏదో తేడా ఉందనిపించినా, ఏమిటో అడగాలంటే ముందు నా ముఖం చూపించాలి. ఆ పని రేపు చేద్దామనుకుంటూ ఎన్ని నెలలైందో లెక్క పెట్టుకోలేదు.