మా బావ నడుము మీది చెయ్యి

తొంభైల్లో మా అక్క మొగుడు ధర్మవరంలో ఒక నాయకుని వెంట తిరిగేవాడు. మా బావ చెయ్యి ఎప్పుడూ చొక్కా కింద, నడుము మీదనే ఉండేది. ఆ చెయ్యి చూసి పదిమంది వెనక్కి మళ్లడం నేను కళ్లారా చూసినా. పదిమంది కాదులెండి, ఇద్దరు. అందులో ఒకడు బస్సు కోసం పరిగెత్తినాడు.

మా పక్క లైసెన్సు ఉండే తుపాకీని రివాల్వరనీ, దొంగచాటుగా చేయించిందాన్ని తపంచా అనీ అంటారు. ఎలక్షన్లొస్తే లైసెన్సువి పోలీసు స్టేషన్లో అప్పజెప్పాల. బావ తనది అప్పజెప్పిన మర్నాడు, మేమిద్దరం ధర్మవరం బస్సు కోసం పెనుకొండ బస్టాండు హోటల్లో కూచోనుంటే, అవతలి వర్గమాయన టీ తాగుతా బావను అడిగినాడు.

"ఏమన్నా, నడుము తేలికయిందంట?"

"అప్పజెప్పింది రివాల్వరబ్బా," అన్నాడు బావ, చెయ్యి తియ్యకుండానే. "తపంచాకు రసీదు యాడిస్తారు?"

ఆయన టీ సగంలో వదిలి లేచిపోయినాడు. బయట జీపు కాడ నిలబడి మా బస్సునే చూస్తాండాడు.

బస్సెక్కినాక బావ చొక్కా ఎత్తి చూపించినాడు. మొలతాడు తప్ప ఏమీ లేదు.

"జీపు దిక్కు కిటికీ పక్క నువ్వు కూచోప్పా," అన్నాడు మెల్లగా.

కూచున్నానని ఇన్నేండ్లూ అందరికీ చెప్పుకుంటా వచ్చినా. నిజానికి ఇద్దరమూ కమ్మీ పట్టుకొని నిలబడినాం. ఆ సీటు ధర్మవరం దాకా ఖాళీగానే వచ్చింది.